ఇద్దరు చేసే పని

జనవరి 10, సోమవారం

ఇవాళ రెండు పనులు వద్దన్నాను. ఒకటి ఇక్కడే బేరూత్‌లో, అష్రఫియే పేటలో పన్నెండు అంతస్తుల మేడ లిఫ్టు. మోటారు బాగానే ఉందట, తలుపుల దగ్గరే తేడా. కానీ ఇద్దరు చేసే పని. రెండోది కొండమీద ఒక పెద్దమనిషి ఇంట్లో అద్దాల లిఫ్టు. శుక్రవారానికల్లా తిరగాలి, అతిథులు వస్తున్నారు అన్నాడు. దారిలో మంచు పడింది, బండి ఎక్కదని చెప్పాను. మంచు పడిందో లేదో నాకు తెలియదు.

ఇరవై రెండేళ్ళు నేనూ తానియోస్ కలిసి లిఫ్టులు బాగుచేశాం. అక్టోబరు నుంచి ఒక్కణ్ణే. దోరాలో ఆ తొమ్మిదంతస్తుల మేడకి ఇనుప తాడు అరిగిపోయింది. పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. కొత్త తాడు వేస్తేనే తిప్పుతానన్నాను. ఇప్పుడు కుదరదన్నారు. అయితే నేను చేయనన్నాను. మర్నాడు తానియోస్ ఒక్కడే వెళ్ళి ఒప్పుకున్నాడు. అంతే జరిగింది. నా తప్పేమీ లేదు.

ఇది ఇప్పటికి ఎన్నిసార్లు రాశానో.

జనవరి 11

ఒకటి వద్దన్నాను. ఇద్దరు చేసే పని.

జనవరి 13, గురువారం

అర్మేనియన్ల పేట బుర్జ్ హమ్మూద్ వెళ్ళాను. వెళ్ళకుండా ఫోనులోనే వద్దందామనుకున్నాను గానీ ఆ వరూజ్ వదల్లేదు. కింద చెప్పుల దుకాణం అతనిది. మేడ పెత్తనం కూడా అతనే చూస్తాడు. ఎనిమిది అంతస్తులు. లిఫ్టు నవంబరు నుంచి నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోయి ఉంది.

మెట్లెక్కి పై మెషీన్ రూముకి పోయాను. మోకాళ్ళు నొప్పెట్టాయి. తాళ్ళు బాగున్నాయి. మోటారూ బాగుంది. జనరేటరు కరెంటు ఎగిరెగిరి పడి బ్రేకు కాయిలు, అదే బ్రేకుని వదిలించే తీగచుట్ట, మాడిపోయింది. బ్రేకు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. కొత్త కాయిలు ఓడలో రావాలి. పైగా బ్రేకు విప్పాలంటే ముందు లిఫ్టు పెట్టెని గొలుసులతో కట్టాలి. పైన ఒకరు, కింద గొయ్యిలో ఒకరు ఉండాలి.

వరూజ్‌తో వద్దని చెప్పబోతుంటే ఎనిమిదో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ చేతికర్ర పట్టుకుని నిలబడింది. పేరు అర్షలూయిస్. ఎనభై ఒకటట. పెళ్ళికూతుళ్ళ గౌన్లు కుట్టేదట.

"మేస్త్రీ వచ్చిందా వరూజ్? కాఫీ తాగమను. ఎనిమిది అంతస్తులు ఎక్కింది పాపం" అంది.

అర్మేనియన్ ముసలివాళ్ళు అరబ్బీ మాట్లాడితే ఆడవాళ్ళు మగవాళ్ళయిపోతారు, మగవాళ్ళు ఆడవాళ్ళయిపోతారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అయినా నవ్వొచ్చింది.

"నవంబరు నుంచి నేల తొక్కలేదు. రొట్టె బుట్టలో లాక్కుంటున్నాను. రొట్టె సంగతి సరే. మా చెల్లెలు సిర్వార్ట్ వృద్ధుల ఇంట్లో ఉన్నాడు. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. పేకాడేవాళ్ళం. వాడు దొంగాట ఆడతాడు, నేను తిడతాను. వాడికి ఫోను వినపడదు, బొత్తిగా చెవుడు. ఇప్పుడు పది ఆదివారాలయింది. వాడేమనుకుంటున్నాడో?"

కాఫీ బాగుంది. ఒప్పుకున్నాను.

కాయిలు వచ్చేలోపు రెండో మనిషిని చూసుకోవచ్చు.

జనవరి 15

అర్షలూయిస్ అమ్మ ఫోను చేసింది. నా నంబరు వరూజ్ ఇచ్చాడట. "నా కాయిలు ఎక్కడుంది మేస్త్రీ? ఓడ ఎక్కిందా?" అంది. ఎక్కిందన్నాను. తర్వాత ఏం తిన్నావని అడిగింది. ఏమీ తినలేదన్నాను. మసూరుపప్పుతో చేసే ముజద్దరా అన్నం ఎలా వండాలో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఉల్లిపాయలు నల్లబడే దాకా వేయించాలట, భయపడకూడదట.

సాయంత్రం వండాను. భయపడ్డాను, ఉల్లిపాయలు తెల్లగానే ఉండిపోయాయి.

జనవరి 16, ఆదివారం

ఆదివారాలు మధ్యాహ్నం తానియోస్ ఇంట్లో తినేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు. వాళ్ళావిడ నుహాద్ నా పళ్ళెం వేరే పెట్టేది, అంచు పగిలింది, నాకదే ఇష్టమని. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరడిగినా "వీడికి నేనున్నానుగా వండి పెట్టడానికి" అనేది.

ఇవాళ చాలా చలి.

జనవరి 18

పదకొండు గంటలకి ఫోను. రోజూ పదకొండుకే చేస్తుంది, సర్కారు కరెంటు ఎలాగూ లేదు, పేట జనరేటరువాడు వాళ్ళకి అప్పుడే వేస్తాడు కాబట్టి. ఇవాళ ఒక పెళ్ళికూతురి కథ చెప్పింది. గౌను కొలతలిచ్చాక వరుణ్ణి మార్చేసిందట, గౌను మాత్రం మార్చలేదట. నేను పగలబడి నవ్వాను. వర్క్‌షాపులో నా నవ్వు నాకే వింతగా వినిపించింది.

జల్ ఎద్దీబ్ నుంచి ఒక పని వచ్చింది. వద్దన్నాను. పదకొండుకి అక్కడుండాలట.

జనవరి 20, గురువారం

కాయిలు వచ్చింది. బాగా కట్టి పంపారు. బల్ల కింద పెట్టాను. విప్పి పరీక్ష చేయాలి. తొందరపడి బిగించే వస్తువు కాదు.

జనవరి 21

ఓడ సంగతి అడిగింది. సముద్రం బాగాలేదన్నాను. ఇవాళ సముద్రం నిజంగానే బాగాలేదు, ఒడ్డున కార్నీష్ రోడ్డు మీదికి అలలు కొట్టాయి.

అరగంట మాట్లాడింది.

జనవరి 22

ముజద్దరా ఈసారి కుదిరింది. ఆమెతో చెప్పాను. "చూశావా, చెప్పానా!" అంది.

జనవరి 24, సోమవారం

రెండో మనిషి కోసం ఇద్దరు ముగ్గురిని కనుక్కుందామనుకున్నాను. పని తెలిసినవాళ్ళు చాలామంది గల్ఫు వెళ్ళిపోయారు. ఎవరూ లేరు. ఇంకా ఎవరినీ అడగలేదు, అడిగినా లేరు.

మనిషి లేకుండా కాయిలు ఉండి ఏం లాభం. కాబట్టి వచ్చిందని చెప్పినా చెప్పకపోయినా ఒకటే. అనవసరంగా ఆశ పెట్టడం మంచిది కాదు.

జనవరి 27, గురువారం

ఇవాళ పెళ్ళికూతుళ్ళ కథలు లేవు. వృద్ధుల ఇంటి నుంచి నర్సు వరూజ్‌కి ఫోను చేసిందట. సిర్వార్ట్ సరిగ్గా తినడం లేదు.

"మేస్త్రీ, ఆదివారానికి అవుతుందా? నిజం చెప్పు. కాకపోతే కాదను, నేనేమీ అనుకోను."

"అవుతుంది" అన్నాను.

"ఓడ వచ్చిందా అయితే?"

"వచ్చేస్తుంది."

"దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి" అంది.

కాదను, నేనేమీ అనుకోను. నాకు అంత తేలిక మార్గం ఇచ్చింది. కాదనడంలో నన్ను మించినవాడు బేరూత్‌లో లేడు. ఈ నెలలో ఎంతమందికి కాదన్నాను!

జనవరి 29

రేపు ఒక్కణ్ణే వెళ్ళి ప్రయత్నిస్తాను. గొలుసులు తీసి నూనె రాశాను.

జనవరి 30, ఆదివారం

ఒక్కడు చేసే పని కాదు. బ్రేకు విప్పినప్పుడు పెట్టె జారితే కింద అడ్డం పెట్టేవాడుండాలి. ఎవరినైనా అడగండి, ఇదే చెప్తారు. వెళ్ళలేదు.

ఫోను మోగింది. ఎత్తలేదు.

జనవరి 31

పదకొండు. మోగింది. ఎత్తాను. ఆమె కోప్పడలేదు. "జబ్బు చేసిందేమోనని భయపడ్డాను" అంది. నాకు. నాకు జబ్బు చేసిందేమోనట. జలుబన్నాను. సోంపు మరిగించి తాగమంది.

సిర్వార్ట్ గురించి నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి 1

ఫోను రాలేదు.

ఫిబ్రవరి 2

రాలేదు. పదకొండున్నర దాకా బల్ల దగ్గరే కూర్చున్నాను. వాళ్ళ జనరేటరు చెడిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 3, గురువారం

పొద్దున వరూజ్‌కి నేనే చేశాను.

సిర్వార్ట్ మంగళవారం పోయిందట. రేపు మధ్యాహ్నం చర్చిలో అంత్యక్రియలట. నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి దింపుతామంటే అర్షలూయిస్ అమ్మ ఒప్పుకోవడం లేదట. "నేను మూటను కాను. నా చెల్లెల్ని సాగనంపడానికి నా కాళ్ళ మీద నిలబడి దిగుతాను, లేకపోతే దిగను" అందట. వరూజ్ ఏడుస్తున్నాడు. "ఏదన్నా చెయ్యి మేస్త్రీ" అన్నాడు.

ఫోను పెట్టేశాను. తర్వాత తానియోస్ నంబరు నొక్కాను. ఒక్కో అంకే నొక్కాను, అది నాకు నోటికొచ్చు.

"ఎవరు చచ్చారు?" అన్నాడు, నా గొంతు వినగానే.

చెప్పాను. కాయిలు సంగతి చెప్పలేదు. పని మాత్రం చెప్పాను.

"ఇంకో గంటలో గొయ్యి దగ్గరుంటాను. నువ్వు పైకి పో. నీ మోకాళ్ళు నాకంటే నయం."

నయం కాదు. పోయాను.

వాడు కింద గొలుసులు కట్టాడు. నేను పైన బ్రేకు విప్పాను. షాఫ్ట్ గుండా అరుచుకున్నాం. "పట్టిందా?" "పట్టింది." "వదులు." "వదిలాను." మూడు నెలల తర్వాత మేం మాట్లాడుకున్న మాటలవే. వాటిలో ఒక్కటీ తడబడలేదు.

కొత్త కాయిలు బిగించే ముందు వాడు పైకొచ్చాడు, ఆయాసపడుతూ. కాయిలు ఉన్న అట్టపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద చీటీ ఉంది, కొట్టువాడు వేసిన తేదీ. చదివాడు. నా వైపు చూశాడు. మళ్ళీ చీటీ చూశాడు.

"ఇరవయ్యో తేదీన వచ్చింది ఇది."

"ఊఁ."

"ఇవాళ మూడు."

నేను స్పానరు పట్టుకుని బోల్టు వెతుకుతున్నాను. బోల్టు నా చేతిలోనే ఉంది.

"రెండో మనిషి దొరకలేదు" అన్నాను.

"నన్నడిగావా?"

"నువ్వు ఆ దోరా తాడు మీద..."

"ఆ తాడు మార్పించాను రా. నవంబరులోనే. ముందు పది రోజులు పాతదాని మీద తిప్పాను, అవును. పైనున్న ఇద్దరు మంచం పట్టినవాళ్ళకి, డాక్టరుకి మాత్రమే. తిప్పిన ప్రతిసారీ నేను పెట్టెలో నిలబడ్డాను. తెగితే నేనూ పోతానని చెప్పాను వాళ్ళకి. పదకొండో రోజు వాళ్ళే తాడు తెప్పించారు." కాయిలు నా చేతికిచ్చాడు. "నువ్వు వద్దని ఇంటికెళ్ళి పడుకున్నావు. నీకు హాయిగా నిద్రపట్టింది."

అది తప్పు. అరిగిన తాడు మీద ఒక్కసారి తిప్పడం కూడా తప్పే. ఇప్పటికీ అదే అంటాను. నాకు నిద్రపట్టిందన్న మాట కూడా తప్పే.

నాలుగింటికి జనరేటరు వచ్చింది. పెట్టె కదిలింది. ఖాళీగా పదిసార్లు, ఇసుక బస్తాలతో పదిసార్లు, తర్వాత మేమిద్దరం ఎక్కి పైకీ కిందికీ తిరిగాం. ప్రతి అంతస్తులోనూ సూటిగా ఆగింది. ఎనిమిదిలో ఆగినప్పుడు ఆమె తలుపు మూసి ఉంది.

దిగేటప్పుడు తానియోస్ అడిగాడు. "ఆవిడకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు."

"చెప్తే ఏమొస్తుంది? పోయిన మనిషి..."

"ఏమీ రాదు. చెప్పు."

ఫిబ్రవరి 4, శుక్రవారం

పన్నెండున్నరకి వరూజ్ జనరేటరు వాడి కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని గంటసేపు కరెంటు వేయించాడు. నేను పైకి వెళ్ళి తలుపు తట్టాను. నల్ల కోటు, నల్ల టోపీ. కుట్టు ఎంత సన్నగా ఉందో. తనే కుట్టుకుని ఉంటుంది. మొహం చిన్నదైపోయింది.

"మేస్త్రీ వచ్చింది" అంది, ఎవరితోనూ కాదు. ఇంట్లో ఎవరూ లేరు.

పెట్టెలో మేమిద్దరమే. అక్కడి నుంచి కిందికి నలభై సెకన్లు. ఎనిమిదీ ఏడూ దాటాయి. ఆరు దగ్గర చెప్పాను.

"అమ్మా, కాయిలు ఇరవయ్యో తేదీనే వచ్చింది. నా బల్ల కింద పెట్టుకున్నాను. పద్నాలుగు రోజులు. మీకు అబద్ధం చెప్పాను."

ఐదు. నాలుగు. ఆమె తలుపు వైపే చూస్తోంది.

"ఎందుకు?" అంది, మూడు దగ్గర.

ఎన్ని సాకులు రాశాను ఈ పుస్తకంలో. ఒక్కటీ గుర్తు రాలేదు.

"లిఫ్టు బాగైతే మీరు ఫోను చేయరని."

రెండు. ఒకటి. పెట్టె ఆగింది. మెత్తగా ఆగింది, తెలియకుండా.

"తలుపు తియ్యి" అంది.

తీశాను. వరూజ్ చెయ్యి పట్టుకుని ఎండలోకి నడిచింది. కర్ర చప్పుడు చాలా దూరం దాకా వినిపించింది. నేను చర్చికి వెళ్ళలేదు. వెళ్ళడానికి నాకేం మొహముంది?

ఫిబ్రవరి 5

పదకొండు.

ఫిబ్రవరి 6, ఆదివారం

నుహాద్ ఫోను చేసింది. "వస్తున్నావా, నీ పళ్ళెం కుక్కకి పెట్టెయ్యనా?" అంది. వాళ్ళకి కుక్క లేదు. వెళ్ళాను. మాంసం ఉండలు, కిబ్బె పెట్టింది, చిక్కిపోయానని తిట్టింది. తానియోస్ ఆ సంగతి ఎత్తలేదు. వచ్చేటప్పుడు మెట్ల మీద అడిగాడు. "చెప్పావా?" తలూపాను. "ఏమంది?" "తలుపు తియ్యమంది."

ఫిబ్రవరి 8

అష్రఫియే పన్నెండంతస్తుల పని ఇంకా అలాగే ఉందట. ఒప్పుకున్నాం. తానియోస్‌తో వాదన, తలుపుల గురించి. మామూలే.

ఫిబ్రవరి 11

ఫోను రాలేదు. రాదని తెలుసు. పదకొండుకి నా చెయ్యి ఆగుతుంది, అంతే. తానియోస్ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

ఫిబ్రవరి 19

పని ఉంది, మనిషి ఉన్నాడు, ఆదివారం భోజనం ఉంది. అన్నీ తిరిగొచ్చాయి. మరి ఇదేమిటో.

మార్చి 4, శుక్రవారం

బుర్జ్ హమ్మూద్ లిఫ్టుకి నెలవారీ తనిఖీ. తానియోస్ వెళ్తానన్నాడు. నేనే వెళ్ళాను. నూనె, బోల్టులు, బ్రేకు సందు, అన్నీ చూశాను. చూసినవే మళ్ళీ చూశాను. తర్వాత ఎనిమిదిలో దిగి తలుపు తట్టాను.

గొలుసు తీయకుండా కొంచెం తెరిచింది. సందులోంచి ఒక కన్ను, సగం మొహం.

"నెల పనా?"

"అవునమ్మా."

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

తలుపు మూస్తుందనుకున్నాను.

"నువ్వు అవుతుందన్న ఆ ఆదివారం సిర్వార్ట్ నర్సుని అడిగాడట, అక్క ఎందుకు రావడం లేదని. పలక మీద రాసి చూపించారట, లిఫ్టు చెడిపోయిందని. నన్నెవరైనా అడిగినా అదే చెప్తున్నాను. లిఫ్టు చెడిపోయింది. నీ పేరు చెప్పలేదు."

"అమ్మా..."

"నిన్ను క్షమించానని కాదు. చెప్పలేదన్నాను, అంతే."

తలుపు మూసేసింది. మెట్ల మీదుగా దిగాను. లిఫ్టు అక్కడే ఉంది, నా కోసం తలుపు తెరుచుకుని.

మార్చి 14, సోమవారం

పదకొండు కాదు, తొమ్మిదీ పావుకి ఫోను. ఆమె నంబరు. చేతిలోని కప్పు కింద పెట్టి ఎత్తాను.

"మేస్త్రీ. సిర్వార్ట్ ఉన్న చోట లిఫ్టు పోయి ఏడాదయింది. నేనెప్పుడూ చెప్పలేదు నీకు, నా లిఫ్టు గొడవే నాకు సరిపోయింది. సిర్వార్ట్ కింది గదిలో ఉండేవాడు గానీ మూడో అంతస్తులో పదకొండు మంది ఉన్నారు. కింద తోట ఉంది. వాళ్ళు దాన్ని కిటికీలోంచి చూస్తారు. నువ్వు వస్తావని చెప్పాను. మేస్త్రీ ఎప్పుడు వస్తుందని అడుగుతున్నారు."

ఎలాంటి లిఫ్టు, ఎంత పాతది, ఏ కంపెనీది, తాళ్ళెలా ఉన్నాయి, నేను మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ నాలుక మీదికొచ్చాయి.

"ఇవాళే" అన్నాను.

పెట్టేసింది.

బండిలో తానియోస్ అడిగాడు. "ఏం పని?"

"తెలియదు. చూడలేదు."

"చూడకుండా ఒప్పుకున్నావా? నువ్వా?" స్టీరింగు వదిలేసి శిలువ గుర్తు వేసుకున్నాడు. "రోడ్డు చూడరా" అన్నాను.

లిఫ్టు నా వయసుది. బ్రేకు పర్వాలేదు, మోటారు పర్వాలేదు. తాడు అరిగిపోయింది. తెగిన పోగులు వేలికి గుచ్చుకున్నాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తానియోస్ ఈసారి నాకే వదిలేశాడు.

మూడో అంతస్తు గదికి వెళ్ళాను. పదకొండు మంది, కిటికీ వైపు తిప్పిన కుర్చీల్లో. మెడలు తిప్పి నన్ను చూశారు. ఇలాంటి గదిలోకి వచ్చి కాదని చెప్పిన రోజు నా జీవితంలో లేదు. ఎప్పుడూ ఫోనులోనే చెప్పాను.

"తాడు మార్చకుండా తిప్పను" అన్నాను. "కొత్త తాడు వచ్చి, బిగించి, పరీక్ష చేయడానికి తొమ్మిది రోజులు. ఇరవై మూడో తేదీ, బుధవారం. ఆలస్యమైతే ముందు రోజే వచ్చి మీ మొహాల మీద చెప్తాను."

కిటికీకి దగ్గరగా ఉన్న ఒకావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏమంటున్నాడు?" పక్కావిడ ఆమె అరచేతిలో వేలితో రాసి చూపించింది. రెండు, మూడు.

మార్చి 17

తాడు వచ్చింది. వచ్చిందని గంటలోపే వాళ్ళకి చెప్పాను. అర్షలూయిస్ అమ్మకి కూడా. "సరే" అంది.

మార్చి 22

రెండు రోజులుగా ఒళ్ళు హూనం. తాడు ఎక్కింది. తానియోస్ వేలు నలిగింది, నన్ను తిట్టాడు. ఇసుక బస్తాలతో ఇరవైసార్లు తిప్పాం.

మార్చి 23, బుధవారం

పొద్దున పదికి మొదలుపెట్టాం. కుర్చీకి ఒకసారి, పదకొండుసార్లు. ప్రతిసారీ నేను పెట్టెలోనే ఉన్నాను. ఒకావిడ కళ్ళు మూసుకుంది, ఒకావిడ నా చొక్కా పట్టుకుంది, ఒకావిడ దారిపొడుగునా నా పెళ్ళి గురించి అడిగింది. తోటలో నారింజలు కాసి ఉన్నాయి. చెవిటావిడ చెట్టు కిందికి తోయించుకుని, చెయ్యెత్తి ఒక కాయని పట్టుకుని ఊరికే అలా ఉండిపోయింది, కోయలేదు.

అర్షలూయిస్ అమ్మ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది, నల్ల కోటులో. నేను పనిముట్లు సర్దుకుంటూ అటుగా పోతుంటే పక్క కుర్చీలో ఆవిడ అడిగింది. "ఎవరు అర్షలూయిస్, ఈ అబ్బాయి?"

నాకు యాభై నాలుగు. ఆగాను.

అర్షలూయిస్ అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"లిఫ్టు మేస్త్రీ" అంది. "ఈసారి చెప్పిన రోజుకి చేసింది."

ఈసారి అన్న మాట గట్టిగా అంది. నాకు వినపడాలనే.